బలపరిచినవారు

"బెడ్‌పాన్లు ఎత్తిన చేత్తో బడ్జెట్ కూడా ఎత్తుతానంటోంది మా మరదలు" అన్నాడు లారీల ఆయన, విశ్వవిద్యాలయ బోర్డు బల్ల చుట్టూ కూర్చున్నవాళ్లని ఒక్కొక్కరినే చూస్తూ.

అందరూ నవ్వారు. చైర్మన్‌గా పదవీకాలం అయిపోవచ్చిన రిటైర్డ్ జడ్జిగారు చేతిరుమాలు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వాడు. వైస్ ఛాన్సలర్ ముందు జడ్జిగారి ముఖం చూసి, నవ్వచ్చని నిర్ధారించుకుని నవ్వాడు. పశువైద్య కళాశాల డీన్ పొట్ట కదిలేలా నవ్వాడు. బ్యాంకులో పెద్ద ఉద్యోగం చేసి దిగిన సభ్యుడు పెదవి ఒక పక్కకి లాగి ఊరుకున్నాడు. ఏ మీటింగులోనూ నోరు విప్పడని మౌనస్వామి అని పేరుపడ్డ సిమెంటు డీలరు కూడా గొంతులో ఏదో చప్పుడు చేశాడు.

నర్సింగ్ కళాశాల ప్రిన్సిపాల్ చేతిలో కాగితం అలాగే ఉంది. సాయంత్రం కోర్సుకి సొంతంగా ఇద్దరు టీచర్లని ఇవ్వమని అడగడానికి ఆమె లేచి నిలబడింది. పగలంతా ఆసుపత్రుల్లో ఆయాలుగా, వార్డు పనివాళ్లుగా ఒళ్లు హూనం చేసుకునేవాళ్లు సాయంత్రం వచ్చి నర్సు డిప్లొమా చదువుకునే కోర్సు అది. దాన్ని పెట్టించింది ఆమే. చెప్పవలసిన మాటల్లో సగం కూడా కాలేదు. నవ్వు తగ్గేసరికి జడ్జిగారు, "సరేనమ్మా, తర్వాత చూద్దాం" అని పక్క కాగితం తీశాడు.

ఆమె కూర్చుంది. కూర్చున్నాక తెలిసింది, తన ముఖం మీద కూడా నవ్వు ఉందని. అందరితోపాటు తనూ నవ్వింది. బావ అన్న మాట కంటే ఆ నవ్వే ఎక్కువ మండింది.

లారీల ఆయన ఆమెకి సొంత అక్క మొగుడు. లారీల వ్యాపారంలో సంపాదించి, విశ్వవిద్యాలయానికి ఆడిటోరియం కట్టించి బోర్డులోకి వచ్చాడు. వచ్చే శుక్రవారం జరిగే ఎన్నికలో ఆయనే చైర్మన్ అవుతాడని గేటు దగ్గరి వాచ్‌మన్‌తో సహా అందరికీ తెలుసు. మీటింగు అయ్యాక వరండాలో ఆయన ఆమె పక్కకి వచ్చి, "ఏంటి మరదలా, ముఖం అలా పెట్టావు? మీ అక్కకి చెప్తావా ఏంటి?" అన్నాడు.

"నాకేం బావగారూ" అంది ఆమె.

"అదీ మాట. సరదా లేకపోతే ఈ మీటింగుల్లో కూర్చోగలమా."

ఆయన కారు డోరు తీసేదాకా ఆమె వరండాలోనే నిలబడి ఉంది. డ్రైవరు తలుపు వేసిన చప్పుడు విన్నాక, లోపలికి వెళ్లి, సబ్బుతో మోచేతుల దాకా చేతులు కడుక్కుంది. ముప్ఫై ఏళ్ల అలవాటు. కోపం వచ్చినప్పుడు ఇంకొంచెం గట్టిగా రుద్దుతుంది.

ఆ సాయంత్రం అక్క ఫోను చేసింది. ఆయనే చెప్పి ఉంటాడు.

"ఏదో అన్నాడటగా. బావ మరదల్ని ఆటపట్టించకపోతే దారినపోయే వాళ్లని పడతాడా?"

"ఇంట్లో అనమను. పడతాను. అక్కడ ఏడుగురి మధ్య నేను మరదల్ని కాదు."

"ఎక్కడైనా మరదలివే. చిన్నప్పటి నుంచీ అంతే నువ్వు, మాట పడవు."

"పడ్డానక్కా. నవ్వుతూ పడ్డాను" అని ఫోను పెట్టేసింది. ఎద్దు పుండు కాకికి నొప్పా అనుకుంది. అలా అనుకున్నాక, సొంత అక్కని కాకితో పోల్చినందుకు ఏమైనా బాధ కలుగుతుందేమోనని చూసుకుంది. కలగలేదు.

మర్నాడు ఆమె బ్యాంకు ఆయన ఫ్లాటుకి వెళ్లింది. ఆయన బల్ల మీద పెన్సిళ్లన్నీ ఒకే పొడుగున చెక్కి వరసగా పెట్టి ఉన్నాయి. కొత్తగా చెక్కుతున్న పెన్సిలు పొట్టు కింద పడకుండా అరచేతిలో పట్టుకుంటున్నాడు.

"మీరు చైర్మన్‌గా ఎందుకు నిలబడకూడదు సార్?" అని అడిగింది ఆమె, మంచినీళ్ల గ్లాసు కింద పెడుతూ.

ఆయన పొట్టుని జాగ్రత్తగా కాగితంలోకి వంపాడు. "నిలబడితే పడతాను కాబట్టి."

"పడరు. జడ్జిగారూ వైస్ ఛాన్సలరూ మా బావ వైపు. మీరు, మౌనస్వామి. ఆయన మీరు ఎటంటే అటే కదా. పశువుల డీన్ని నేను తెస్తాను. నాతో కలిపి నలుగురం."

"మీ బావగారికి వ్యతిరేకంగా మీరు ఓటేస్తారా?"

"వేస్తాను."

బ్యాంకు ఆయన మొదటిసారి ఆమెని సరిగా చూశాడు. ఎందుకని అడగలేదు. అవతలివాడి అవసరం ఎంతో తేలాక కారణాలతో ఆయనకి పనిలేదు. "నేను ఊరికే కుర్చీ కోసం నిలబడలేనమ్మా. ఒక మాట మీద నిలబడాలి. నష్టాల్లో నడిచేవి ఆపాలి అన్నదే నా మాట, మొదటి నుంచీ. ఎక్కడో ఒకచోట మొదలుపెట్టాలి." పెన్సిలు మొన వేలితో తాకి చూశాడు. "మీ సాయంత్రం కోర్సుతో మొదలుపెడితే ఎవరూ పక్షపాతం అనరు. ప్రతిపాదన నేను చేస్తాను. బలపరిచేది మీరు. పెట్టినవాళ్లే వద్దంటే ఇంక మాట్లాడేదెవరు?"

కిటికీ అవతల ఎవరో తివాచీ దులుపుతున్నారు.

"మూసెయ్యడమా?"

"నిలిపివేత అందాం. పరిస్థితి బాగుపడ్డాక మళ్లీ తెరుచుకోవచ్చు."

నిలిపేసిన కోర్సు మళ్లీ తెరుచుకోవడం ఆమె తన సర్వీసులో ఒక్కసారి కూడా చూడలేదు. ఆ సంగతి ఆయనకీ తెలుసు. ఆమెకి తెలుసన్న సంగతీ ఆయనకి తెలుసు. అయినా ఆమె మనసు చకచకా వేరే దారి వేసుకుపోయింది. ముందు బావ ఓడిపోవాలి. కొత్త చైర్మన్‌కి తను కావలసిన మనిషి అవుతుంది. ఏడాది తిరిగేసరికి ఇంకో పేరుతో కోర్సు తెప్పించుకుంటుంది. ఏరు దాటాలంటే ముందు తెప్ప ఎక్కాలి కదా.

"సరే" అంది.

ఎజెండా కాగితం ఆయన అప్పుడే రాశాడు. ప్రతిపాదించినవారు, బలపరిచినవారు అని రెండు గీతలు గీసి, రెండో దాని దగ్గర పెన్సిలు పక్కన పెట్టి పెన్ను ఇచ్చాడు. ఆమె సంతకం చేసింది. కిందికి దిగి రోడ్డు మీదికి వచ్చాక, చాలా రోజులకి ఆకలి వేసినట్టు అనిపించింది. శుక్రవారం బావ ముఖం ఎలా ఉంటుందో ఊహించుకుంటూ నడిచింది. ముందు అర్థం కాదు. తర్వాత లెక్క చూసుకుంటాడు. ఆ తర్వాత తనవైపు తిరుగుతాడు. ఆ తిరగడం దగ్గర ఆగి, మళ్లీ మొదటి నుంచి ఊహించుకుంది.

పశువుల డీన్‌కి కావలసింది చోటు. బుధవారం సాయంత్రం క్లాసు జరుగుతుండగానే వచ్చాడు. సాయంత్రం కోర్సువాళ్లు పని నేర్చుకునే పొడవాటి గదిని అందరూ బొమ్మల వార్డు అంటారు. వరసగా మంచాలు, ఒక్కో మంచం మీద నిలువెత్తు రబ్బరు బొమ్మ, దుప్పటి కప్పుకుని. తలుపు పక్క మంచం దగ్గర నలభై దాటిన ఆయా ఒకామె బొమ్మని పక్కకి తిప్పడం నేర్చుకుంటోంది. వయసులో క్లాసుకంతా పెద్దది కాబట్టి మిగతావాళ్లు ఆమెని పెద్దక్క అంటారు.

"భుజం కింద ఒక చెయ్యి. తుంటి కింద ఇంకోటి. మోకాళ్లు వంచు. బరువు నడుం మీద కాదు, తొడల మీద పడాలి. ఇప్పుడు చెప్పు" అంది ప్రిన్సిపాల్.

"ఏం చెప్పాలి మేడమ్?"

"తిప్పుతున్నానని చెప్పు. చెప్పకుండా మనిషిని తిప్పకూడదు."

పెద్దక్క బొమ్మ చెవి దగ్గర వంగి, "అయ్యా, ఇటు తిప్పుతున్నా, భయపడకండి" అంది. ఎవరో కిసుక్కుమన్నారు. పెద్దక్క పట్టించుకోలేదు. బొమ్మ మెత్తగా పక్కకి ఒరిగింది. ఆమె వీపు కింద ముడతలు సరిచేసి, దుప్పటి మూల మడిచి పరుపు కిందికి తోసింది.

డీన్ ఈలోపు గోడలు వేళ్లతో కొట్టి చూస్తున్నాడు. ద్వారం వెడల్పు చేతులు చాచి కొలిచాడు. "నేల వాలు బాగుంది. కడిగితే నీళ్లు బయటికి పోతాయి. ఈ గోడ తీసేస్తే రెండు గేదెలు పడతాయి" అన్నాడు, సంతోషం ఆపుకోలేక కొంచెం గట్టిగానే. తర్వాత ప్రిన్సిపాల్ దగ్గరికి వచ్చి గొంతు తగ్గించాడు. "కోర్సు లేకపోతే గది ఖాళీయేగా. ఆ మాట ఖాయం అయితే నా చెయ్యి మీదే."

"ఖాయమే."

ఆయన వెళ్లాక పెద్దక్క అడిగింది, "ఆ సారెవరు మేడమ్?"

"పశువుల డాక్టరు."

"బొమ్మలకి ఏమైనా జబ్బు చేసిందా?"

క్లాసంతా నవ్వింది. ప్రిన్సిపాల్ పక్క మంచం దగ్గరికి జరిగి, సరిగానే ఉన్న దుప్పటి మూల విప్పి, మళ్లీ మడిచింది.

గురువారం అక్క మళ్లీ ఫోను చేసింది. శుక్రవారం ఎన్నిక అయ్యాక అందరూ తమ ఇంటికే భోజనానికి రావాలని, తను ఒక గంట ముందొచ్చి సాయం చెయ్యాలని. "ఆయనకి కొత్త చొక్కా కొన్నా. లేత నీలం. బాగుంటుంది కదూ?"

ఊరుకుంటే సరిపోయేది. నాలుగు రోజులుగా నోట్లో దాచుకున్న మాట పళ్ల సందుల్లోంచి జారింది. "ఇస్త్రీ దండగక్కా. పాత చొక్కా వేసి పంపు."

అక్క, "ఏం చేశావే?" అంది, చిన్న గొంతుతో.

"ఏం చెయ్యలేదు. సరదాకి అన్నా" అంది ప్రిన్సిపాల్. ఆ రాత్రి ఒళ్లు తెలియకుండా నిద్రపోయింది.

శుక్రవారం లారీల ఆయన లేత నీలం చొక్కాలోనే వచ్చాడు. మడతలు కత్తిలా ఉన్నాయి. ఆమెని చూసి తల పంకించాడు. ఆమె కూడా పంకించింది. జడ్జిగారు మొదటి అంశం చదివాడు, చైర్మన్ ఎన్నిక అని. ఎవరైనా పేర్లు సూచించవచ్చు అన్నాడు. వైస్ ఛాన్సలర్ లేవబోయాడు. బావ పేరు చెప్పడానికే. వైస్ ఛాన్సలర్ భుజం మీద చెయ్యి వేసి కూర్చోబెట్టి, లారీల ఆయనే లేచాడు.

"నేనొక పేరు చెప్తాను. మన బ్యాంకు సార్. డబ్బు సంగతి తెలిసినవాడు ఆ కుర్చీలో ఉండాలి. నాబోటి లారీలు తోలేవాళ్లు కాదు. పోటీ ఎందుకు, ఏకగ్రీవంగా చేద్దాం."

బ్యాంకు ఆయన జేబులోంచి తీసి పెట్టుకున్న ఉపన్యాసం కాగితం మళ్లీ జేబులోకి వెళ్లింది. ముఖంలో ఆశ్చర్యం, దాని వెనకే సంతోషం. "మీ పెద్దమనసు" అన్నాడు లారీల ఆయనతో, రెండు చేతులూ జోడించి. ప్రిన్సిపాల్ వైపు చూడలేదు. చూడవలసిన అవసరం ఇప్పుడు లేదు. కుర్చీ ఎవరిచ్చారో గదిలో అందరూ చూశారు.

ఆమెకి అర్థమైంది. అక్క చెప్పింది. బావ రాత్రికి రాత్రి చేతులు లెక్కపెట్టుకున్నాడు. ఓడిపోయే పోటీకి దిగకుండా, గెలిచేవాణ్ణే తనవాణ్ణి చేసుకున్నాడు. ఆమె ఏ పని కోసం కోర్సుని అమ్మిందో ఆ పని ఆమె లేకుండానే జరిగిపోయింది. ఇవ్వవలసింది మాత్రం మిగిలింది.

కొత్త చైర్మన్ కుర్చీ మారి, గొంతు సవరించుకుని తర్వాతి అంశం చదివాడు. నర్సింగ్ కళాశాల సాయంత్రం కోర్సు నిలిపివేత.

"చిన్న మాట" అన్నాడు లారీల ఆయన. "దీన్ని బలపరిచిందెవరు?"

మీటింగు రాసుకునే, ఓటు లేని రిజిస్ట్రారు కాగితం దగ్గరికి తెచ్చుకుని చదివాడు. "నర్సింగ్ కళాశాల ప్రిన్సిపాల్ గారు."

"అదేంటి. పెట్టిందీ ఆవిడే కదా." గొంతులో వెటకారం లేదు. నిజంగా తెలుసుకోవాలన్నట్టు అడిగాడు. అది ఇంకా ఘోరంగా ఉంది. "నేను దీనికి ఒప్పుకోను. మా మరదలు చెమటోడ్చి పెట్టిన కోర్సు. మా లారీ గుద్ది ఒకడు ఆసుపత్రిలో పడుంటే, వాడి పక్కన రాత్రంతా కూర్చున్నది ఇక్కడ చదివిన పిల్లే. ఉండాలన్నవాళ్లు చేతులెత్తండి."

ఆయన చెయ్యి ఎత్తాడు. అది చూసి వైస్ ఛాన్సలర్ ఎత్తాడు. జడ్జిగారు కాసేపు ఆలోచించి, "చదువు మధ్యలో ఆపడం నాకూ నచ్చలేదు" అని మెల్లగా ఎత్తాడు. మూడు చేతులు. డీన్ బల్ల మీద వేళ్లు చూసుకుంటున్నాడు. మౌనస్వామి కొత్త చైర్మన్‌ని చూస్తున్నాడు. మిగతావాళ్లంతా ప్రిన్సిపాల్‌ని చూస్తున్నారు.

నాలుగో చెయ్యి ఆమెది. ఎత్తితే కోర్సు ఉంటుంది.

బావ ఎదురుగానే ఉన్నాడు, చెయ్యి ఇంకా దించకుండా. ఆయన పెదవి చివర అప్పటికే ఒక మాట సిద్ధంగా ఉన్నట్టు ఆమెకి కనిపించింది. చూశారా, తిరిగి తిరిగి మా మరదలు బావ దారికే వచ్చింది. ఆ మాట, దాని వెనక రాబోయే నవ్వు, రుమాలు అడ్డం పెట్టుకునే జడ్జిగారు, ముఖాలు చూసి నవ్వే వైస్ ఛాన్సలరు, అన్నీ ఆమెకి ముందే వినిపించాయి. తన ముఖం మీదికి మళ్లీ వచ్చి కూర్చునే నవ్వు కూడా.

ఆమె రెండు చేతులూ ఒళ్లో ఉన్నాయి. ఒకదాన్ని ఇంకోటి పట్టుకుని ఉంది. అవి అక్కడే ఉన్నాయి.

"మూడు" అన్నాడు రిజిస్ట్రారు. "నిలిపివేతకి నాలుగు."

బావ చెయ్యి కిందికి దిగింది. పెదవి చివర ఉన్నది ఎటుపోయిందో పోయింది. ఆయన ముఖం నవ్వు లేకుండా చూడటం ఆమెకి అదే మొదటిసారి. ఇన్ని రోజులుగా నడుస్తూ, తింటూ, పడుకుంటూ ఆమె ఊహించుకున్న ముఖం అచ్చం అదే.

మీటింగు అయ్యాక వరండాలో ఆయన ఆమె కోసం ఆగాడు. మిగతావాళ్లు మెట్లు దిగిపోయారు.

"ఎత్తుతావనుకున్నా" అన్నాడు.

"తెలుసు."

"ఎత్తితే గెలిచేవాళ్లం."

"అదీ తెలుసు బావగారూ."

"మరి?"

"మీరు నవ్వేవాళ్లు."

ఆయన కాదని అనలేదు. నవ్వేవాణ్ణి కాదు అని ఒక్క అబద్ధం ఆడినా బాగుండునని ఆమెకి అనిపించింది. ఆయన మెట్లు దిగి వెళ్లిపోయాడు. భోజనానికి రమ్మని అనలేదు.

క్లాసు వేళకి ఆమె బొమ్మల వార్డుకి వెళ్లింది. అప్పటికే అందరూ వచ్చి ఉన్నారు. డ్యూటీ నుంచి నేరుగా వచ్చినవాళ్లు చెప్పులు తలుపు దగ్గర వదిలి, కాళ్లు చల్లబడటానికి నేల మీద నిలబడ్డారు. పెద్దక్క తలుపు పక్క మంచం మీద బొమ్మకి దుప్పటి సరిచేస్తోంది. రిజిస్ట్రారు నోటీసు పంపేదాకా ఆగవచ్చు. ఎవరూ తప్పుపట్టరు. కానీ ఆమె ఆగలేదు. ఈ నెలాఖరుతో కోర్సు ఆగిపోతుందని చెప్పింది.

ఎవరూ గొడవ చెయ్యలేదు. వెనక మంచం దగ్గర ఒకమ్మాయి నేల మీద కూలబడింది.

"ఎవరు మూయించారు మేడమ్?" అని అడిగింది పెద్దక్క.

"బోర్డు."

"బోర్డంటే ఎవరు?"

"ఏడుగురం. ముగ్గురు ఉండాలన్నారు. నా చెయ్యి లేస్తే ఉండేది. లేవలేదు."

పెద్దక్క చేతిలో దుప్పటి అంచు అలాగే ఉంది. "ఎందుకు లేవలేదు మేడమ్?"

ఆ ప్రశ్నలో కోపం లేదు. మందు ఎందుకు పనిచెయ్యలేదని అడిగినట్టు అడిగింది. ప్రిన్సిపాల్‌కి బ్యాంకు ఆయన మాటలు గుర్తొచ్చాయి, నష్టాలు, పరిస్థితి బాగుపడ్డాక. అవి చెప్పవచ్చు. నోటిదాకా తెచ్చుకుంది.

"ఎత్తితే ఒకాయన నన్ను చూసి నవ్వుతాడని" అంది.

పెద్దక్క ఆ జవాబుని అటూ ఇటూ తిప్పి చూసుకుంది.

"మా వార్డులో రోజూ నవ్వుతారు మేడమ్" అంది చివరికి. "ముసలి స్టూడెంటు వచ్చిందిరా అని. చిన్న చిన్న పిల్లలు, నా కూతురి ఈడు వాళ్లు. డ్యూటీ దిగేటప్పుడు రోజూ. నవ్వనీలే, నవ్వు ఒంటికి అంటుకుంటుందా అనుకునేదాన్ని." దుప్పటి మూల మడవకుండానే వదిలేసింది. "ఇంతకీ ఈ పూట పాఠం ఉందా, లేదా? ఉంటే చెప్పండి. బస్సులు మారి వచ్చాం."

"ఉంది" అంది ప్రిన్సిపాల్.

మూలనున్న కుళాయి దగ్గర చేతులు కడుక్కుని, తుడుచుకుని, మంచం దగ్గరికి వచ్చింది. కదల్లేని మనిషికి పుండ్లు ఎక్కడెక్కడ పడతాయో, పడకముందే వేలితో ఎలా కనిపెట్టాలో బొమ్మ వీపు మీద చూపిస్తూ చెప్పింది. ఎప్పుడూ చెప్పినంత బాగానే చెప్పింది. అందరూ చుట్టూ నిలబడి విన్నారు. ఒక్కరు కూడా రాసుకోలేదు.